ఎంబీబీఎస్ దక్కని డాక్టర్ సుబ్బారావు

బీరంగూడ కమాన్ దగ్గర పొద్దున్నే షిఫ్ట్ బస్సు కోసం నిలబడేవాళ్లలో బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు తక్కువేం కాదు. పాశమైలారం, బొల్లారం వైపు మందుల కంపెనీలకు వెళ్లేవాళ్లు. మీరూ వాళ్లలో ఒకరా? చేతిలో ఉన్న సర్టిఫికెట్ చిన్నదని దిగులుగా ఉందా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు సంగతి వినండి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకొచ్చారని సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. మిగతా సబ్జెక్టులు బాగా రాసినా, చివరికి ఇచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్. ఆ పట్టాతో మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకున్నారు.

అప్పటికే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో మనిషి ఎండిపోయే స్ప్రూ జబ్బుతో ఇద్దరు సోదరులు రోజుల తేడాలోనే పోయారు. దానికి అప్పట్లో సరైన మందే లేదు.

మామగారు సమకూర్చిన డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ భరోసాతో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఆ అలసట వేరే చెప్పక్కర్లేదు కదా!

బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి ల్యాబులో చేసే ఉంటారు. ఫాస్ఫరస్ ఉన్న ద్రావణంలో మాలిబ్డేట్, ఆపై క్షయకరణి కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో వచ్చిన ఆ పద్ధతిలోని సుబ్బారావ్ ఈయనే. దాని దారిలోనే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ దొరికాయి. ఇంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లి, పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

అసలు పని అక్కడే జరిగింది. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసింది. గర్భిణులకు ఇప్పుడు ఐరన్‌తో కలిపి ఇచ్చేది అదే. ఆయన విభాగంలోనే డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్‌లో మొదటిది అది. నేడు స్ప్రూకి డాక్టర్లు రాసేవి ముఖ్యంగా రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్.

బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి మింగించే డీఈసీ బిళ్లా అక్కడిదే. లుకేమియా పిల్లలకు బోస్టన్‌లో ఫార్బర్ వాడి చూసిన అమినోప్టెరిన్ కూడా. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికోసారి ఏళ్ల తరబడి వేసుకుంటున్నారు.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. కొన్నేళ్లలో వచ్చేస్తానని భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. పాతికేళ్లలో ఒక్కసారీ ఇంటికి రాలేదు.