మేరీ క్యూరీ

మేరీ క్యూరీ (నవంబరు 7, 1867 - జూలై 4, 1934) పోలండులో జన్మించి ఫ్రాన్సులో స్థిరపడిన సుప్రసిద్ధ శాస్త్రవేత్త. భర్త పియరీ క్యూరీతో కలిసి పొలోనియం, రేడియం అనే మూలకాలను కనుగొన్నది. 1903లో భౌతికశాస్త్రంలోను, 1911లో రసాయనశాస్త్రంలోను నోబెల్ బహుమతి పొందింది. రెండు వేర్వేరు విజ్ఞానశాస్త్రాలలో ఈ బహుమతి అందుకొన్న వ్యక్తి ఇంతవరకు ఈమె ఒక్కతే. మొదటి ప్రపంచయుద్ధంలో క్షతగాత్రులకు ఎక్స్-రే పరీక్షలు జరపడంలోను, ఆ పనికి స్త్రీలను తయారుచేయడంలోను ఆమె చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా రేడియం దగ్గరే ఆగిపోతాయి.

బాల్యం, విద్య

మేరీ అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. అప్పటికి రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న వార్సా నగరంలో, ఐదుగురు సంతానంలో చివరిదిగా జన్మించింది. తండ్రి గణిత, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాల నడిపేది. మరియా పదేళ్ళ వయసులో ఉండగా 1878లో తల్లి క్షయవ్యాధితో మరణించింది. వార్సా విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేకపోవడంతో, రహస్యంగా నడిచే ఒక విద్యాసంస్థలో చదువు కొనసాగించింది. అక్క బ్రోనిస్లావా పారిస్‌లో వైద్యవిద్య చదువుకోవడానికి తాను ఇతరుల ఇళ్ళలో పిల్లలకు చదువు చెప్పి డబ్బు పంపింది. 1891లో తానూ పారిస్ చేరి, సోర్బాన్‌లో 1893లో భౌతికశాస్త్రంలోను, 1894లో గణితంలోను పట్టాలు పొందింది. 1895 జూలైలో పియరీ క్యూరీని వివాహమాడింది. అదే సంవత్సరం నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు.

రేడియం

1898 జూలైలో పొలోనియంను, డిసెంబరులో రేడియంను కనుగొన్నట్లు క్యూరీ దంపతులు ప్రకటించారు. టన్నులకొద్దీ ఖనిజాన్ని శుద్ధిచేసి, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడును వేరుచేయగలిగారు. ఆ పద్ధతికి వారు పేటెంటు తీసుకోలేదు. రోగులకు ఉపయోగపడే పదార్థం మీద లాభం గడించడం శాస్త్రధర్మానికి విరుద్ధమని వారి అభిప్రాయం.

1906 ఏప్రిల్ 19న పియరీ గుర్రపుబండి కింద పడి మరణించాడు. భర్త స్థానంలో పాఠం చెప్పడానికి నియమితురాలై, సోర్బాన్‌లో బోధించిన తొలి మహిళ అయింది. 1911లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఎన్నికలో ఓడిపోయింది. అదే సంవత్సరం ఆమె వ్యక్తిగత జీవితాన్ని పత్రికలు వీధికెక్కించి, ఆమె పరదేశీయురాలన్న సంగతిని పదేపదే ఎత్తిచూపాయి. మూడేళ్ళు తిరగకుండానే ఆమె సేవ ఆ దేశపు సైనికులకే అవసరమైంది.

యుద్ధభూమిలో ఎక్స్-రే సేవ

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు ఎక్స్-రే యంత్రాలు పెద్ద నగరాల ఆసుపత్రులలో మాత్రమే ఉండేవి. శరీరంలో తూటా ఎక్కడ ఉన్నదో తెలియక వైద్యులు గాయాన్ని కెలికి వెతికేవారు. దానివల్ల చీముపట్టి, ఎందరో కాళ్ళూ చేతులూ పోగొట్టుకొన్నారు. రోగిని యంత్రం వద్దకు తీసుకొని వెళ్ళలేనప్పుడు యంత్రాన్నే రోగి వద్దకు చేర్చాలని మేరీ సంకల్పించింది. ఒక మహిళాసంఘం ఇచ్చిన ధనంతో మొదటి వాహనం తయారైంది. కారు ఇంజనుతో తిరిగే డైనమో నుండి విద్యుత్తు తీసుకొని ఎక్స్-రే గొట్టాన్ని పనిచేయించేవారు. సంపన్నుల నుండి మరికొన్ని కార్లు అడిగి తెచ్చింది. సైనికులు వీటిని చిన్న క్యూరీలని పిలిచేవారు. మొత్తం మీద సుమారు 20 వాహనాలు, 200 స్థిరకేంద్రాలు ఏర్పడ్డాయి. వీటి ద్వారా పది లక్షలకు పైగా క్షతగాత్రులకు పరీక్షలు జరిగాయని అంచనా.

శరీరనిర్మాణశాస్త్రం, కారు నడపడం, ఇంజను మరమ్మతు ఈమె అప్పుడే నేర్చుకొన్నది. ఆసుపత్రికి చేరగానే గదికి నల్లని తెరలు కట్టి, తీగలు కలిపి, క్షతగాత్రులను ఒక్కొక్కరినే స్ట్రెచరుపై రప్పించేవారు. లోహపు తునక ఎంత లోతున ఉన్నదో తెలుసుకోవడానికి గొట్టం స్థానాన్ని మార్చి రెండుసార్లు చూసి లెక్కకట్టేవారు. పల్లెల నుండి వచ్చిన సైనికులలో చాలామంది అటువంటి యంత్రాన్ని ఎన్నడూ చూడలేదు. చీకటిగదిలో దాని చప్పుడుకు భయపడి, నొప్పి పుడుతుందా అని అడిగేవారు. అది ఫోటో తీయించుకోవడం వంటిదేనని మేరీ వారికి నెమ్మదిగా నచ్చచెప్పేది. రోగికి ముందుగా విషయం చెప్పి ధైర్యం కలిగించడం నేటి రేడియోగ్రఫీ విద్యార్థులకు నీతినియమాలలో భాగంగా బోధించే పాఠం. అప్పటికి అది ఏ నియమావళిలోనూ లేదు.

పెద్ద కుమార్తె ఐరీన్ 17 ఏళ్ళ వయసు నుండే తల్లికి సహాయకురాలైంది. ఎక్స్-రేను నమ్మని ఒక బెల్జియం సైనికవైద్యుడికి, తూటా ఉన్న స్థానాన్ని జ్యామితి సహాయంతో ఆమె వివరించవలసివచ్చింది.

1916 నుండి మేరీ రేడియం ఇన్‌స్టిట్యూటులో స్త్రీలకు శిక్షణ ఇచ్చింది. విద్యుత్తు, ఎక్స్-కిరణాలు, శరీరనిర్మాణం, ఫోటోగ్రఫీ బోధనాంశాలు. విద్యార్థినులలో చదువుకొన్నవారితో పాటు ఇళ్ళలో పనిచేసేవారు కూడా ఉన్నారు. వెనుకబడినవారికి ఎక్కువ సమయం కేటాయించి నేర్పేది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 150 మంది ఈ విధంగా తయారయ్యారు. 1919లో స్వదేశానికి వెళ్ళడానికి ఎదురుచూస్తున్న అమెరికా సైనికులు కూడా కొందరు ఇక్కడ చదువుకొన్నారు. ఈ అనుభవాలతో ఆమె రచించిన "రేడియాలజీ, యుద్ధం" అనే గ్రంథం 1921లో వెలువడింది.

అపాయం విషయంలో ఆమె వైఖరి

ఎక్స్-కిరణాలు శరీరాన్ని కాల్చివేస్తాయని యుద్ధానికి ముందే తెలుసు. అమెరికాలో ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ వాటి కారణంగానే 1904లో మరణించాడు. యుద్ధకేంద్రాలలో మాత్రం గుడ్డ చేతొడుగులు, చిన్నపాటి లోహపు తెరలే రక్షణ. రోగిపై కిరణాలు పడేది కొద్దిసేపే. యంత్రం నడిపేవారిపై రోజంతా పడేవి.

1925లో రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు రక్తవ్యాధులతో మరణించారు. సీసపు తెరలు వాడాలని, పనివారికి క్రమంగా రక్తపరీక్షలు చేయాలని సిఫార్సు చేసిన వైద్య అకాడమీ సంఘంలో మేరీ సభ్యురాలు. ప్రయోగశాలలో విద్యార్థులు జాగ్రత్తలు పాటించకపోతే మందలించేది. తాను మాత్రం వాటిని పాటించేది కాదు. కంటిశుక్లాలకు 1923 నుండి పలుమార్లు శస్త్రచికిత్స చేయించుకొన్నది, అదీ మారుపేరుతో. ఇతరుల రక్షణకు నియమాలు కోరిన వ్యక్తి తన అనారోగ్యానికి రేడియమే కారణమని ఒప్పుకోవడానికి చివరివరకు తటపటాయించడం ఆమె జీవితంలో ఒక చిక్కుముడి. 1928లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ సభలో ఎక్స్-రే, రేడియం రక్షణ కోసం ప్రత్యేక సంఘం ఏర్పడింది. అదే నేటి అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం.

దానపత్రం

1921లో అమెరికా మహిళలు లక్ష డాలర్ల విలువైన ఒక గ్రాము రేడియంను చందాలతో సమకూర్చి, అధ్యక్షుడు హార్డింగ్ చేతులమీదుగా మేరీకి బహూకరించారు. ముందురోజు రాత్రి దానపత్రం చదివిన ఆమె, అది తన వ్యక్తిగత ఆస్తిగా ఉండటానికి అంగీకరించలేదు. అట్లా ఉంటే తన తరువాత కుమార్తెలకు వారసత్వంగా వెళ్తుంది. అప్పటికప్పుడు న్యాయవాదిని రప్పించి, రేడియం ప్రయోగశాలకే చెందేటట్లు పత్రాన్ని సరిచేయించింది. 1929లో అమెరికా నుండి లభించిన ధనంతో కొన్న మరో గ్రాము వార్సాలోని రేడియం ఇన్‌స్టిట్యూటుకు చేరింది. 1932లో ప్రారంభమైన ఆ సంస్థకు అక్క బ్రోనిస్లావా సంచాలకురాలు.

మరణం

1934 జూలై 4న ఫ్రాన్సులోని పాసీ వద్ద ఒక శానిటోరియంలో, ఎముకమజ్జ రక్తకణాలను తయారుచేయలేని అప్లాస్టిక్ అనీమియా వ్యాధితో మేరీ మరణించింది. సో పట్టణంలో భర్త సమాధి పక్కనే ఖననం చేశారు. ఐరీన్ కూడా 1956లో లుకేమియాతో మరణించింది.

1995 ఏప్రిల్‌లో దంపతుల అవశేషాలను పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించారు. సమాధి తెరచినప్పుడు రేడియేషన్ రక్షణ అధికారులు కొలతలు తీసుకొన్నారు. అనుకొన్నంత రేడియం లేకపోవడంతో, ఆమె మరణానికి యుద్ధకాలంలో తగిలిన ఎక్స్-కిరణాలే ముఖ్యకారణం కావచ్చునని వారు భావించారు. ఆమె ప్రయోగశాల నోటుపుస్తకాలు మాత్రం నేటికీ రేడియోధార్మికంగానే ఉన్నాయి. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వాటిని సీసపు పెట్టెలలో భద్రపరచింది. వాటిని చూడగోరే పరిశోధకులు అపాయం తమకు తెలుసునని ముందుగా సంతకం చేయవలసి ఉంటుంది.