కండ్లద్దాల ఫీజు కాడ కుర్సీ ఇడిసినోడు

మా అమ్మ బీడీలు చేసేది. కండ్లు మసకబడ్డంక గూడ ఆకు కత్తిరించుడు చేతి అంచనా మీదనే నడిపిచ్చింది. అద్దాలు పెట్టియ్యమని నన్ను ఒక్కనాడు అడగలే. నేనే అడిగితే, ఇంక కనబడ్తనే ఉన్నదని దాటేసేది. పైసల కాడికొస్తే మంచి మనిషి గూడ ఎట్ల అబద్ధమాడ్తడో నాకు అప్పుడే ఎరుకైంది. అందుకే బ్రిటన్ రాజకీయాలు చదువుతుంటే ఒకాయన కథ కాడ ఆగిపోయిన. కండ్లద్దాలకు, కట్టుడు పండ్లకు ఫీజు పెడ్తున్నరని మంత్రి పదవి ఇడిసిపెట్టి బయటికొచ్చిండు. పేరు అన్యూరిన్ బెవాన్. జనం నై అని పిలిచేటోళ్లు.

1897ల సౌత్ వేల్స్‌ల ట్రెడీగర్ అనే బొగ్గు ఊర్ల పుట్టిండు. తండ్రి బొగ్గుబాయి కార్మికుడు, తల్లి బట్టలు కుట్టేది. పదిమంది పిల్లలల్ల ఒకడు. 13 ఏండ్లకే బడి ఇడిసి బాయిల దిగిండు. పైనుంచి నత్తి. నోట్లె ఒక మాట తిరగకుంటే దాని బదులు ఇంకో మాట ఎతుక్కునేటోడట, అట్ల మాటల మూట పెరిగింది. కార్మికుల లైబ్రరీల పడి చదివిండు. నా అసొంటి సగం సదువుగాళ్లకు గీ ముచ్చట మస్తు ధైర్యం తమ్ముళ్లూ, చెల్లెండ్లూ. గీ నత్తిగాడే రేపు పార్లమెంటుల చర్చిల్‌కు ఎదురు నిలబడి మాట్లాడిండు.

ట్రెడీగర్‌ల ఇంకోటి ఉండె. కార్మికులు కూలిలకెల్లి ఇంత అని తీసి ఒక వైద్య సంఘం నడిపేటోళ్లు. డాక్టరు, దవాఖాన అంత దాంట్లనే. జబ్బు రాకముందే అందరు కలిసి పైసలు జమ చేసుడు, వచ్చినోనికి వాడుడు. గంతే లెక్క. బెవాన్ దాని పనిల తిరిగిండు, దాని బలం కండ్లార చూసిండు. 1925ల ఆయన తండ్రి బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులల్ల చేరి పానం ఇడిసిండు. ఆ జబ్బును చట్టం లెక్కల రాయలేదు కాబట్టి ఒక్క పైస పరిహారం రాలే.

1929ల లేబర్ పార్టీ తరఫున ఎబ్బు వేల్ నుంచి గెలిచిండు. రెండేండ్లు దాటినంక సొంత పార్టీ సర్కారు కూలుడు చూసిండు. 1931ల ఖజానా ఖాళీ అయితాందని, పనిలేనోళ్లకిచ్చే భత్యంల పదో వంతు కొయ్యాలన్నరు. మంత్రులు రెండుగ చీలిన్రు. ప్రధాని మెక్‌డొనాల్డ్ తన పార్టీని ఇడిసి కన్జర్వేటివ్‌లతోని కలిసి కొత్త సర్కారు కట్టి ఆ కోత కోసిండు. పనిలేని మొగోనికి వారానికి 17 షిల్లింగులొచ్చేది, 15 షిల్లింగుల 3 పెన్నీలైంది. అంతటితో అయిపోలే. ఇంటింటికి అధికారులొచ్చి ఎవరెంత సంపాదిస్తున్నరో లెక్క తీసుడు మొదలైంది. కొడుకు నాలుగు పైసలు తెస్తే తండ్రి భత్యం తగ్గేది. ఆ ఎన్నికలల్ల లేబర్‌కు మిగిలినయి 52 సీట్లు.

ఇప్పుడు 1945కు రండి. యుద్ధం అయిపోయింది, దేశం అప్పు దాని ఏడాది సంపాదనకు రెండింతలు దాటింది. అమెరికా కాడ అప్పు తెచ్చుకున్నరు. యుద్ధంల లేని రొట్టె రేషను గూడ 1946ల పెట్టవలసొచ్చింది. పైసల్లేవు అనుడానికి గంతకన్న మంచి టైము ఏ సర్కారుకు దొర్కుతది? అసొంటి రోజులల్ల ఆరోగ్యమంత్రి అయిన బెవాన్, 1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలుపెట్టిండు. చీటీ నుంచి ఆపరేషన్ దాక, ఎవరికైనా, దవాఖానల పైసలు అడగకుండ. కన్జర్వేటివ్‌లు ఆ బిల్లుకు ఎదురు ఓటేసిన్రు. డాక్టర్ల సంఘం మొండికేసింది. పెద్ద డాక్టర్లకు సర్కారు దవాఖానలనే ప్రైవేటు పడకలు ఒప్పుకొని ఆయన వాళ్లను తిప్పుకున్నడు. అది ఆయన ఇచ్చుకున్న లంచమే, నాకైతే నచ్చలే. గానీ అది ఇయ్యకుంటే తలుపులు తెరుచుకునేటియో లేదో.

తలుపులు తెరిచినంక ఖర్చు అనుకున్నదాన్ని దాటింది. ఏండ్లకేండ్లు పండ్లు నొస్తున్నా, కండ్లు కనబడకున్నా ఓర్సుకున్న జనం ఒక్కపారి వచ్చిన్రు. దుబారా అని పేపర్లు లొల్లి పెట్టినయి. నాకు అండ్ల దుబారా కనబడలే, మా అమ్మ అసొంటోళ్లే కనబడ్డరు.

1951ల కొరియా యుద్ధం నడుస్తాంది. ఆర్థికమంత్రి గేట్‌స్కెల్ మూడేండ్లల్ల ఆయుధాలకు 470 కోట్ల పౌండ్లని లెక్క కట్టిండు. అదే బడ్జెట్ల కండ్లద్దాలకు, పండ్లసెట్టుకు సగం ధర జనమే కట్టాలన్నడు. దాంతోని ఆ ఏడు వచ్చేది 1.3 కోట్ల పౌండ్లు. గీ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. అప్పటికే కార్మికశాఖకు మారిన బెవాన్ ఏప్రిల్‌ల రాజీనామా చేసిండు. హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ గూడ ఎంటబడి బయటికొచ్చిన్రు.

తనకన్న చిన్నోడైన గేట్‌స్కెల్‌కు ఆర్థికశాఖ దక్కిందన్న కడుపుమంట అని కొందరంటరు. కొంత ఉండొచ్చు. 1949ల మందుల చీటీకి షిల్లింగు పెట్టే చట్టానికి ఆయనే తలూపిండు, అది గూడ నిజమే, అమల్ల పెట్టనియ్యకపోయినా. గానీ ఆయుధాల లెక్క తప్పని ఆయనన్నది నిలబడ్డది. అదే ఏడు అక్టోబర్‌ల గెలిచొచ్చిన చర్చిలే, గంత పైస ఆ టైముల ఖర్చు చేసుడు అయ్యేది కాదని ఎనకకు తగ్గిండు. ఫీజు మాత్రం ఎనకకు పోలే. 1952ల మందుల చీటీకి గూడ షిల్లింగు వచ్చి కూసున్నది.

బెవాన్ 1960 జులై 6న, 62 ఏండ్లకు, క్యాన్సర్‌తోని పోయిండు. ఆయనతోని కుర్సీ ఇడిసిన విల్సన్ ప్రధాని అయినంక 1965ల చీటీ ఫీజు తీసేసిండు. 1967ల పౌండు ఇలువ తగ్గించవలసొచ్చింది, 1968ల మళ్ల ఆయన చేతితోనే ఫీజు పెట్టిండు. ఇంగ్లాండుల అది నేటికి ఉన్నది. బెవాన్ పుట్టిన వేల్స్‌ల 2007ల తీసేసిన్రు. పండ్లకు మాత్రం అక్కడ గూడ ఇంక పైసలు కడ్తనే ఉన్నరు.