నవాబు అలీ నవాజ్ జంగు – మంజీరా కాలువలు

హైదరాబాదున చార్మినారునకు పడమట నున్న లాడ్ బజారులో లక్కగాజులు బేరమాడు వారికి కాలువల ప్రసంగము అసందర్భముగ తోచవచ్చును. కాని ఆ బజారునకు నడకదూరముననే మూసీనది పారుచున్నది. ఆ నగరము దప్పి తీర్చుకొన్న నీటిలో మంజీరా జలమునకును పెద్దభాగము కలదు. ఆ మంజీరయే నిజామాబాదు మాగాణులను పండించినది. నగరమునకు జలాశయమును, పల్లెకు కాలువను కూడ తన యాజమాన్యముననే నిర్మింపజేసిన హైదరాబాదు బిడ్డ నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు. ఆయన చరిత్రమును పాఠకులకు జ్ఞప్తికి తెచ్చుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఆయన అసలు పేరు మీర్ అహమ్మదు అలీ. 1877 జూలై 11వ తేదీన హైదరాబాదున జన్మించెను. మదరసా ఆలియాలోను, నిజాం కళాశాలలోను చదివి, 1896లో ప్రభుత్వ విద్యార్థి వేతనముతో ఇంగ్లండునకు పోయి, కూపర్సు హిల్లు ఇంజనీరింగు కళాశాలలో శిక్షణము పొందెను. 1899లో స్వస్థలమునకు మరలి ప్రజాపనుల శాఖయందు ప్రవేశించి, 1918 నాటికి ప్రధాన ఇంజనీరు పదవి నందెను. బ్రిటిషిండియాలో నీటిపారుదల శాఖ పెద్దపదవులు చాలవరకు తెల్లవారికే దక్కుచుండిన దినములవి. అట్టికాలమున ఒక భారతీయుడు ఇంతటి భారమును వహించుట సామాన్యము కాదు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టపెట్టుకొనెను. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరమునకు ఎగువను రెండు జలాశయములు నిర్మించి వరద నాపవలెనని యోచన చెప్పిరి. వానిలో ఉస్మాన్‌సాగరము 1920లోను, మూసీకి ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ప్రాణములు తీసిన నీటినే పట్టి దాహము తీర్చు నీటిగ మార్చిన పని యిది. ఈ పనులు నడచుచుండగనే అలీ నవాజ్ జంగు చూపు మంజీరవైపు మరలినది.

ఆయన కీర్తికి ముఖ్యకారణము నిజాంసాగరము. అచ్చంపేట యొద్ద మంజీరపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన ఈ యానకట్ట పొడవు సుమారు 3 కిలోమీటరులు. దానినుండి బయలుదేరిన ప్రధానకాలువ సుమారు 155 కిలోమీటరులు. దీనిక్రింద 2,75,000 ఎకరములు సాగుచేయుటకు సంకల్పించిరి. కట్ట కట్టినంతమాత్రమున పైరు పండదు. కాలువ తొందరపడి పల్లమునకు దిగక, మెరకను విడువక పారినగాని దూరపు చేలకు నీరెక్కదు. ప్రధానకాలువనుండి ఉపకాలువలకు, వానినుండి తూముల మూలమున పిల్లకాలువలకు వంతుప్రకారము నీరు దిగవలెను. ఈ లెక్కలో రవంత పొరపాటు వచ్చినను చివరి రైతునకు మట్టియే మిగులును.

నీరు వచ్చిన వెంటనే ఆ సీమ రూపు మారినది. కృష్ణా గోదావరీ మండలముల రైతులు కొందరు వచ్చి వరి సేద్యము చేసిరి. పేరుచివర క్యాంపు అను మాటగల ఊళ్లు ఆ వలసలకు నేటికిని సాక్ష్యములు. బోధనున చెరకు పంట వ్యాపించి 1937లో చక్కెర కర్మాగారము వెలసినది. ఇదంతయు ఒక ప్రక్క. మరియొక ప్రక్క ఈ జలాశయము కొఱకు సుమారు 40 గ్రామములవారు ఇల్లువాకిళ్లు విడిచిపోయిరి. సాగరమునకు ప్రభువు పేరు నిలిచినది, ఊళ్లు విడిచినవారి పేర్లు ఎచ్చటను లేవు. ఇంజనీరు ఘనతను చెప్పుకొనునపుడు ఈ ఋణమును మరచుట న్యాయము కాదు.

ఆయన ఖ్యాతి సంస్థానపు ఎల్లలను దాటెను. సింధుదేశమున సక్కరు ఆనకట్ట పనులను పరిశీలించుటకు బొంబాయి ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్యగారితోపాటు ఈయనను పిలిచిరి. 1938లో కాంగ్రెసు నెలకొల్పిన జాతీయ ప్రణాళికా సంఘమున జవహర్‌లాల్ నెహ్రూగారి అధ్యక్షతక్రింద, నదులు నీటిపారుదలల ఉపసంఘమునకు ఈయనయే అధ్యక్షుడు. స్వతంత్ర భారతమును చూచి, 1949 డిసెంబరు 6వ తేదీన కాలధర్మము నొందెను.

ఆయన విడిచిన సొత్తును మనమెట్లు కాపాడితిమి? నిజాంసాగరపు మొదటి నిలువశక్తి సుమారు 30 టి.యం.సి., అనగా 3,000 కోట్ల ఘనపుటడుగులు. పూడిక పేరుకొని అది క్షీణించెను. పిదప నీటిమట్టమును పెంచినను 18 టి.యం.సి.లకు మించి నిలువ రాలేదు. ఎగువను సింగూరు జలాశయమును కట్టి, 1990వ దశకమునుండి ఆ నీటిని హైదరాబాదునకు తరలించిరి. తరువాత కృష్ణా గోదావరీ జలములును నగరమునకు వచ్చినవి. కాని వానలు తగ్గిన యేండ్లలో నగరపు కుళాయికిని నిజామాబాదు తూమునకును నడుమ తగవు పుట్టుచు వచ్చినది. దాహము తీర్చుట ధర్మమే. ఐనను ఒకరి దాహమునకై మరియొకరి పైరెండినపుడు ఆ నష్టమునకు ఉత్తరవాదులెవ్వరు?

2014లో తెలంగాణ ప్రభుత్వమువారు జూలై 11వ తేదీని ఇంజనీర్ల దినముగ ప్రకటించిరి. అది యుక్తమే. కాని పటమునకు పూలమాల వేసినంతమాత్రమున ఆ ఋణము తీరదు. ఏటేట పూడిక తీయింపుడు. తూముల మరమ్మతు వానలకు ముందే ముగింపుడు. ఎగువ భూస్వాములు వంతు మీరి నీరు మళ్లింపక చివరి ఎకరమును తలపోయుదురు గాక. లాడ్ బజారు గృహస్థుడు కుళాయి త్రిప్పునపుడు మంజీరా రైతును ఒకమారు స్మరించుగాక. నవాబు అలీ నవాజ్ జంగునకు తగిన స్మారకము ఆయకట్టు చివర పారు నీరేయని మా యభిప్రాయము.