యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. బాల్యమున ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పోగా, తల్లి వేంకమ్మ వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను. యౌవనమున స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి ఆయన సోదరులిరువురను కొలది దినముల వ్యవధిలో బలిగొనెను. ఆనాటి వైద్యమున దానికి తగిన మందు లేకుండెను.

మద్రాసు వైద్యకళాశాలలో గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. అందువలన ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. మామగారి సాహాయ్యముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి తోడ్పాటుతోను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. పొట్ట గడచుటకై రాత్రులు ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచెను.

పిమ్మట హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి పరిశోధన సాగించెను. రక్తమునందలి భాస్వరమును కొలుచుట వారి పని. వినుటకు ఇది చిన్నదే; కాని అదివరకున్న పద్ధతులలో రంగు నెమ్మదిగా తేలెడిది, లెక్క నమ్మదగినదిగా నుండెడిది కాదు. వారు భాస్వరమునకు మాలిబ్డిక్ ఆమ్లమును, దానిపై అమినోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లమును చేర్చిరి. కొలది నిమిషములలో నీలవర్ణము పుట్టెను. నీలము ఎంత చిక్కనో భాస్వరము అంత హెచ్చు. భాస్వరము ఎంత కలదో ముందే తెలిసిన మఱియొక నీలద్రవముతో పోల్చినచో లెక్క తేలును. 1925లో ప్రకటింపబడిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి దేశదేశముల ప్రయోగశాలలలో వాడుకకు వచ్చెను.

అయితే కండరపు రసమును పరీక్షించినపుడు ఒక వింత కనబడెను. రంగు వెంటనే పూర్తిగా రాక, క్రమక్రమముగా చిక్కపడుచుండెను. మఱియొకరైనచో పద్ధతిలోని లోపమని ఊరకుండెడివారేమో! వీరు ఊరకుండలేదు. ఏదో యొక పదార్థము ఆమ్లమున విచ్ఛిన్నమగుచు తనలోని భాస్వరమును కొంచెము కొంచెముగా విడుచుచున్నదని గ్రహించిరి. అదియే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్. కండరము శ్రమించునపుడు ఇది తఱుగును. విశ్రమించునపుడు మరల పెరుగును. లాక్టిక్ ఆమ్లమే కండరశక్తికి మూలమని నమ్మిన శాస్త్రజ్ఞులు తమ సిద్ధాంతమును మార్చుకొనవలసివచ్చెను. 1929లో జీవకణములకు శక్తినొసగు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కూడ వారు కనుగొనిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమాన్ దానిని వేఱుగా కనుగొనెను. ఇంతటి పనికి సుబ్బారావునకు నోబెల్ బహుమానము రాకపోవుట విచారకరమే.

1940లో ఆయన లెడర్లీ ఔషధసంస్థలో చేరెను. అచట ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి ఆ మందు గుణమిచ్చెను. బోదకాలు వ్యాధికి కారణమగు క్రిములను చంపు మందు కూడ అచటనే వెలువడెను. 1948 ఆగస్టులో, 53వ యేట, అమెరికాలోనే సుబ్బారావు నిదురలో కన్నుమూసెను. 1922లో విడిచిన స్వదేశమును ఆయన మరల చూడలేదు.