కిరోసిన్ ఫ్యాను చేసిన నాయుడుగారు

వేసవిలో కరెంటు పోతే పుదుచ్చేరి ఉక్కపోతకు మనం అట్టలు పట్టుకుని విసురుకుంటాం. అప్పుడు కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను ఒకటి ఉంటే? వినగానే నవ్వొస్తుంది కదా! కానీ అలాంటి ఫ్యానును నిజంగానే తయారుచేసిన తెలుగువారు ఒకరు మన పక్కనే, తమిళనాడులో ఉండేవారు. ఆయనే జి.డి. నాయుడు.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. బడి అంటే ఆయనకు గిట్టేది కాదు. మూడో తరగతితోనే చదువు ఆగిపోయింది.

ఒకనాడు ఊళ్ళోకి ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎద్దులు లేవు, గుర్రం లేదు. మరి ఈ బండి ఎలా పరుగెడుతోంది? ఆ సంగతి తేల్చుకోవాలని నాయుడుగారు కోయంబత్తూరు వెళ్ళారు. హోటల్లో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి, మోటారు సైకిల్ కొన్నారు. దాన్ని ఏ భాగానికి ఆ భాగం విప్పి, మళ్ళీ బిగించి చూశారు. ఆయన అసలు చదువు అక్కడ మొదలైంది.

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య నడిపారు. అదే పెరిగి పెద్దదై యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. మరోపక్క కొత్త వస్తువులు చేస్తూనే ఉన్నారు. బ్యాటరీ సెల్స్‌తో నడిచే గడ్డం గీసుకునే యంత్రం, పండ్ల రసం తీసే యంత్రం, దొంగ ఓట్లకు వీలులేని ఓటు యంత్రం ఆయన చేసినవే. ఇక కిరోసిన్ ఫ్యాను సంగతి చూడండి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళకు కరెంటు లేదు గాని, దీపం కోసం కిరోసిన్ ఉండేది. మనకు వింతగా తోచేది వాళ్ళకు అవసరమే!

అన్నీ ఫలించలేదు. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే కారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు ఆగిపోయింది, ఆయన ఆగలేదు.

మూడో తరగతి చదివిన ఈ మనిషే 1945లో కోయంబత్తూరులో ఒక సాంకేతిక కళాశాలకు విరాళమిచ్చి, దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ళ చదువు దండగ, రెండేళ్ళు చాలన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోకపోతే పదవి వదులుకున్నారు.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. మనలో ఎవరి నాన్నగారికో, అమ్మగారికో అక్కడికి బదిలీ అయితే తప్పక చూసి రావాలి. చూసినవాళ్ళు మిగతావాళ్ళకు ఉత్తరం రాయాలి!