మన్రోలప్ప చెవుడు

ఒకప్పుడు మన సీమలో కొందరు కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్లు. ఆ పేరు ఒక దొరది. సర్ థామస్ మన్రో. రైత్వారీ పద్ధతి అనగానే సోషల్ పుస్తకంలో ఒక మార్కు ప్రశ్నగా గుర్తొస్తాడు. ఆయన బతుకును రోగాల వైపు నుంచి చూస్తే మాత్రం ఇంకో కథ కనిపిస్తుంది.

1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వ్యాపారి. చిన్నప్పుడు మన్రోకు తట్టు పోసింది, అదే మీజిల్స్. ప్రాణం దక్కింది గానీ వినికిడి దెబ్బతింది. ఆ చెవుడు జీవితాంతం వదల్లేదు. తట్టంటే నాలుగు రోజుల జ్వరం, ఒంటిమీద ఎర్రటి పొక్కులు, అంతే అనుకుంటాం. అది చెవులకు, ఊపిరితిత్తులకు, మెదడుకు కూడా పాకగలదు.

అమెరికా యుద్ధంతో తండ్రి వ్యాపారం మునిగింది. కుర్రాడు 1780లో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు కలెక్టరయ్యాడు. కడప, బళ్లారి, పత్తికొండ అన్నీ వాటిలోవే. 1807 దాకా ఊరూరా గుడారాలేసుకుని తిరిగాడు. పొలాలు కొలిపించాడు, శిస్తు సంగతి రైతుతోనే నేరుగా తేల్చుకున్నాడు. సరిగ్గా వినపడని మనిషికి దొరికిన పనేమో, రోజంతా జనం గోడు వినడం!

1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో స్వదేశం వెళ్లిపోయే ముందు సీమను చివరిసారి చూసిపోదామని వచ్చాడు. అప్పుడు ఈ దారుల్లో కలరా తిరుగుతోంది. జూలై 6న పత్తికొండలో ఆయనకూ సోకింది. ఆ రాత్రికే ప్రాణం పోయింది. గుత్తిలో పాతిపెట్టారు, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన గుర్తుగా తోపు వేసి, బావి కట్టించారు. కలరా నీళ్ల ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. లండన్‌లో జాన్ స్నో ఆ సంగతి గట్టిగా చూపించింది 1854లో.

మీజిల్స్ వైరస్‌ను పట్టుకున్నది 1954లో, టీకా వచ్చింది 1963లో. అంటే మన్రోను చిన్నప్పుడు చెవిటివాణ్ని చేసిన రోగానికీ, చివరికి చంపిన రోగానికీ కారణమేంటో ఆయన కాలంలో తెలియదు. గవర్నర్ పదవి కూడా కాపాడలేకపోయింది. ఈరోజు ఓఆర్‌ఎస్ ప్యాకెట్, సెలైన్ సమయానికి అందితే కలరా రోగి చాలావరకు బతుకుతాడు.

2017లో మన బడులకొచ్చి ఎంఆర్ టీకా వేశారు, గుర్తుందా? ఆ సూది ఇందుకే. ఇప్పుడు మన అక్కావాళ్ల పిల్లలు అంగన్‌వాడీకో, డేకేర్‌కో పోతున్నారు. మీజిల్స్ వచ్చిన బిడ్డ దగ్గి వెళ్లిపోయినా, ఆ గది గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉండొచ్చు. టీకా పడని పిల్లలు పక్కనుంటే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకోగలదు. అందుకే 9 నెలలు నిండగానే ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. దద్దు కనిపించాక కనీసం నాలుగు రోజులు బిడ్డను ఇంట్లోనే ఉంచాలి. వేపాకు కట్టుకున్నా సరే, డాక్టరుకు చూపించడం మానొద్దు.

మన్రో తల్లిదండ్రులకు ఈ దారి లేదు. మనకుంది. ఈసారి ఇంటికెళ్లినప్పుడు, బుజ్జిగాడి టీకా కార్డులో రెండో డోసు గడి నిండిందో లేదో ఓసారి చూడండి.