తహసీల్దారు గోపన్న

భక్త రామదాసు అనగానే మనలో చాలామందికి 2006లో వచ్చిన నాగార్జున సినిమా, చెరసాల, కీర్తనలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆయన ఉద్యోగం. రోజూ ప్లేస్‌మెంట్లు, ప్యాకేజీలు అంటూ మాట్లాడుకునే మనం ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి.

అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో, ఖమ్మానికి దగ్గర్లోని నేలకొండపల్లిలో పుట్టాడు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. మేనమామలు అక్కన్న, మాదన్నలు గోల్కొండ కొలువులో పెద్ద ఉద్యోగులు. 1672లో అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కాక మాదన్న చేతికి మంత్రి పదవి కూడా వచ్చింది. ఆ మేనమామల మాటసాయంతోనే గోపన్నకి పాల్వంచ పరగణా తహసీల్దారు పని దొరికిందంటారు. మన లెక్కలో రిఫరెన్స్ మీద వచ్చిన జాబ్ అన్నమాట.

పని శిస్తు వసూలు. అడవి అంచు పల్లెలు, గోదావరి ఒడ్డు పొలాలు తిరగాలి. వసూలైన సొమ్ము లెక్కకట్టి గోల్కొండకి పంపాలి. ఆ పరగణాలోనే భద్రాచలం ఉంది. అక్కడ పోకల దమ్మక్క అనే భక్తురాలు కొండమీద పందిరి వేసి రాముణ్ణి కొలుస్తోంది. అది చూసిన గోపన్న గుడి కట్టించాలనుకున్నాడు. చందాలు చాలలేదు. సర్కారుకి పోవాల్సిన శిస్తు డబ్బు గుడికి ఖర్చయింది. అది ఆరు లక్షలని జనం చెప్పుకుంటారు.

మరి ఇల్లు? భార్య కమలమ్మ, ఒక చిన్న కొడుకు. ఇంట్లో భక్తులకి సంతర్పణ జరుగుతుంటే ఆ పసివాడు గంజిగుంటలో పడ్డాడని, తర్వాత రాముడి దయవల్ల బతికాడని కథ. నమ్మేవాళ్లు నమ్ముతారు. నాకైతే అందులో ఆ ఇల్లు కనిపిస్తుంది. వాకిలి నిండా అతిథులు, పొయ్యి దగ్గర ఊపిరాడని ఇల్లాలు, పిల్లాడి మీద ఒక కన్నేసి ఉంచడానికి మనిషి లేడు.

లెక్క తేలలేదని తానీషా ఆయన్ని గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్లు అంటారు. ఆ చెరలో పాడినవాటిలో ఒక కీర్తన నిజంగా లెక్కల పుస్తకమే. ప్రాకారానికి ఎంతయింది, సీతమ్మ నగకి ఎంతయింది, రాముడి తమ్ముళ్ల నగలకి ఎంతయింది అన్నీ పద్దు రాసినట్టు చెబుతాడు. కోపం పట్టలేక రాముణ్ణి తిడతాడు, మళ్లీ తనే క్షమించమంటాడు. ఇంకో కీర్తనలో, రాముడితో ఏకాంతంగా ఉన్నప్పుడు తన సంగతి ఒక మాట చెప్పమని సీతమ్మని వేడుకుంటాడు. భార్య చెప్పిన మాటకి ఇంట్లో ఎంత విలువుంటుందో ఆయనకి తెలుసన్నమాట. కానీ అంత వివరమైన ఆ లెక్కలో కమలమ్మ పేరున ఒక్క పద్దూ లేదు.

చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా రాత్రివేళ తానీషా దగ్గరికొచ్చి బాకీ మొత్తం కట్టేసి, రసీదు కూడా రాయించుకున్నారని కథ. రాముడి పని మీద ఖర్చయిన డబ్బే అయినా సర్కారు బాకీ సర్కారుకి చెల్లాల్సిందేనని ఆ కథ కట్టినవాళ్లకీ అనిపించింది. ఆ న్యాయం నాకు నచ్చుతుంది. కాకపోతే ఆ రసీదు శిస్తు బాకీ వరకే. తండ్రి లేకుండా పిల్లాడు పెరిగిన ఏళ్లని ఏ రామోజీ తిరిగి తెచ్చివ్వలేదు.

గోపన్న గొప్పతనాన్ని తక్కువ చేయడానికి ఇదంతా రాయడం లేదు. ఆ గుడి లేకపోతే మన భద్రాద్రి లేదు, శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు వెళ్లే ఆనవాయితీ లేదు. రేపు మనలోనూ చాలామందిమి ఆఫీసుకి ఒక లెక్క, మనసుకి నచ్చిన పనికి ఒక లెక్క రాసుకుంటాం. ఇంటి లెక్క అడిగేవాళ్లు ఉండరు కాబట్టి అది వెనకబడిపోతుంది. భద్రాచలంలో రామదాసు చేయించిన నగలు ఇప్పటికీ చూపిస్తారు, ఏది ఎవరికి చేయించాడో చెబుతారు. అక్కడే కమలమ్మ గురించి కూడా ఎవరైనా రెండు మాటలు చెబితే బాగుండు.